కుండీలలోని రసభరిత మొక్కలకు వేరుకుళ్ళు: గుర్తింపు, చికిత్స, నివారణ

బెంగాలీ భాషలో 'తాల్' అనగా తాటిచెట్టు. ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని తాల్‌బగీచా పేరును మన భాషలో చెప్పుకుంటే తాడితోపు అవుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి తరలివచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ పట్టణంలో అనేకం. పొలం లేకపోయినా డాబా మీద, వరండాలో కుండీలు పెట్టుకొని మొక్కలు పెంచి అమ్మడం ఇటువంటి పట్టణవాసులకు అనువైన ఉపవృత్తి. ఆకులోనో, కాండంలోనో నీటిని దాచుకునే రసభరిత మొక్కలు, అనగా కలబంద, జెముడు జాతులు, ఎడారి గులాబి, జేడ్, హవోర్తియా, ఎచెవేరియా వంటివి, ఇందుకు బాగా పనికివస్తాయి. తక్కువ స్థలం చాలు. రోజూ నీరు పోయనక్కరలేదు. అయితే ఈ వ్యాపారంలో పెట్టుబడిని హరించే ప్రధాన శత్రువు ఒకటి కలదు. అదే వేరుకుళ్ళు.

నష్టం ఎంత?

ఉదాహరణకు ఒక చిన్న వర్తకుడు కుండీ, మట్టి, మొక్క కలిపి ఒక్కొక్కటి 50 రూపాయల ఖర్చుతో 600 కుండీలు సిద్ధం చేశాడనుకుందాం. పెట్టుబడి 30,000 రూపాయలు. 80 రూపాయల వంతున అన్నీ అమ్ముడైతే 48,000 రూపాయలు వస్తాయి. వానాకాలంలో 200 మొక్కలు కుళ్ళిపోతే మిగిలిన 400 అమ్మగా వచ్చేది 32,000 రూపాయలే. ఆ 2,000 రూపాయల మిగులులోనే వడ్డీ, రవాణా, ఇంటివారి శ్రమ ఇమడాలి. 225 మొక్కలు పోతే అసలు మాత్రమే చేతికి వస్తుంది. కావున ఈ తెగులును అరికట్టడం మొక్కల సంరక్షణతో పాటు వాయిదాల చెల్లింపుకు కూడా సంబంధించిన విషయం.

తెగులు ఎలా వస్తుంది?

వేళ్ళకు నీరు ఎంత అవసరమో గాలి అంత అవసరం. మట్టి రేణువుల మధ్య ఖాళీలు నీటితో నిండి ఉండిపోతే వేళ్ళకు ప్రాణవాయువు అందదు. అవి బలహీనపడి చనిపోవడం మొదలవుతుంది. అప్పుడు మట్టిలోని పిథియం, ఫైటోఫ్తోరా, ఫ్యుజేరియం, రైజోక్టోనియా వంటి సూక్ష్మజీవులు వేళ్ళలో ప్రవేశిస్తాయి. వీటిలో మొదటి రెండింటి బీజాలు నీటిలో ఈదుతూ ఒక వేరు నుండి మరొక వేరుకు చేరగలవు. కుండీల కింద నిలిచిన నీరు వాటికి రహదారి వంటిది.

రసభరిత మొక్కలలో చాలా జాతులు పగటి ఎండలో ఆకు రంధ్రాలను మూసి ఉంచి, రాత్రివేళ తెరుస్తాయి. అందువల్ల అవి నీటిని చాలా నెమ్మదిగా వాడుకుంటాయి. బంతి, గులాబి మొక్కలకు పోసినట్లు వీటికి రోజూ నీరు పోస్తే ఆ నీరు ఖర్చుకాక మట్టిలోనే నిలిచిపోతుంది. పైగా ఖరగ్‌పూర్ ప్రాంతంలో జూన్ నుండి సెప్టెంబరు వరకు కురిసే వానలు, గాలిలోని తేమ మట్టిని ఆరనివ్వవు.

దాహమా, కుళ్ళా?

కుళ్ళిన వేళ్ళు నీటిని పీల్చలేవు. మట్టి తడిగా ఉన్నప్పటికీ మొక్క వాడిపోతుంది. దాహమని భ్రమించి మరింత నీరు పోయడం వల్లనే చాలా మొక్కలు చనిపోతాయి. కావున నీరు పోసే ముందు తేడా గుర్తించాలి.

దాహంతో ఉన్న మొక్కలో కింది ఆకులు ముడతలు పడి ఎండుతాయి గాని చిదికిపోవు. కాండం గట్టిగా ఉంటుంది. కుండీ ఎత్తితే తేలికగా ఉంటుంది. నీరు పోసిన రెండు మూడు రోజులలో మొక్క తేరుకుంటుంది.

వేరుకుళ్ళు సోకిన మొక్కలో ఆకులు పసుపురంగుకు తిరిగి, నీరు నిండినట్లు పారదర్శకంగా మారి, తాకగానే రాలిపోతాయి. కాండం మొదలు మెత్తబడి నల్లబడుతుంది. మొక్కను కదిపితే ఊగుతుంది. మట్టి నుండి దుర్వాసన రావచ్చు. ఎడారి గులాబిలో దుంపను వేలితో నొక్కితే మెత్తగా తగులుతుంది.

చికిత్స

1. మొక్కను వెంటనే కుండీ నుండి తీసి, వేళ్ళకు అంటిన మట్టినంతా దులిపి, కడిగి పరిశీలించండి. ఆరోగ్యకరమైన వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్ళినది గోధుమ లేదా నలుపు రంగులో ఉండి పైతొక్క ఊడివస్తుంది.

2. పదునైన కత్తిని స్పిరిటుతో తుడిచి కుళ్ళిన భాగాన్ని కోసివేయండి. కోసిన చోట గోధుమరంగు చుక్కగాని, వలయంగాని కనిపిస్తే ఇంకా పైకి కోయాలి. కోత పూర్తిగా శుభ్రంగా కనిపించే వరకు ఆగరాదు. ప్రతి కోతకూ కత్తిని మళ్ళీ తుడవాలి. జెముడు, ఎడారి గులాబి జాతుల పాలు విషపూరితం. కంటికి తగలకుండా జాగ్రత్తపడండి.

3. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపిన ద్రావణంలో కోసిన భాగాన్ని కొద్ది నిమిషాలు ముంచి తీయండి. చాలామంది వాడే కార్బెండజిమ్ మందు పిథియం, ఫైటోఫ్తోరాలపై పనిచేయదని గమనించాలి. మందు వాడేటప్పుడు చేతి తొడుగులు ధరించి, డబ్బాపై ఉన్న సూచనలను పాటించండి.

4. మొక్కను నీడలో, గాలి తగిలేచోట ఆరబెట్టండి. చిన్న మొక్కలకు మూడు నాలుగు రోజులు, లావు కాండం గలవాటికి పది రోజులు లేదా అంతకు మించి పట్టవచ్చు. కోత మీద గట్టి పొర ఏర్పడిన తర్వాతే నాటాలి.

5. కొత్త పొడి మిశ్రమంలో నాటి, వారం రోజుల తర్వాత కొద్దిగా నీరు ఇవ్వండి. పాత మట్టిని తిరిగి వాడరాదు. పాత కుండీని కడిగి ఎండబెట్టిన తర్వాతనే వాడాలి.

మొక్క మొత్తం పోయినా నిరాశపడనక్కరలేదు. ఎచెవేరియా, జేడ్ ఆకుల నుండి, హవోర్తియా పక్క పిలకల నుండి కొత్త మొక్కలు పుట్టించవచ్చు. అయితే ఆరోగ్యంగా ఉన్న ఆకులను, పిలకలను మాత్రమే తీసుకోవాలి.

నివారణ పద్ధతులు

చికిత్స కంటె నివారణ చౌక. ముఖ్యమైనది మట్టి మిశ్రమం. ఖరగ్‌పూర్ చుట్టుపక్కల దొరికే ఎర్ర మొరంను జల్లెడ పట్టి, మెత్తని బంకపొడిని తీసివేసి, గులకలను మాత్రమే వాడుకోవచ్చు. ముతక ఇసుక 2 పాళ్ళు, మొరం గులకలు లేదా ఇటుక ముక్కలు 1 పాలు, బాగా చివికిన ఆకు ఎరువు 1 పాలు కలిపితే సరిపోతుంది. పోసిన నీరు వెంటనే అడుగు రంధ్రం నుండి బయటకు రావాలి.

కుండీ అడుగున రాళ్ళు పరిస్తే నీరు బాగా దిగుతుందనే నమ్మకం ఉంది. ఇది సరికాదు. సన్నని మట్టి నుండి ముతక రాళ్ళలోకి నీరు సులభంగా దిగదు. రాళ్ళపై నిలిచి వేళ్ళకు మరింత దగ్గరవుతుంది. రంధ్రంపై ఒక పెంకుముక్కో, వలగుడ్డో ఉంటే చాలు.

కుండీని ఇటుకలపై ఎత్తుగా పెట్టండి. మట్టి కుండీ గోడల గుండా తేమ ఆరుతుంది గనుక ప్లాస్టిక్ కుండీ కంటె వానాకాలంలో అది మేలు. వానలకు ముందే పైన పారదర్శకమైన రేకు వేసి, పక్కలు తెరిచి ఉంచండి. మట్టిలో అడుగు దాకా పుల్ల గుచ్చి, అది పొడిగా బయటకు వచ్చినప్పుడు మాత్రమే నీరు పోయండి. ఆకు రాల్చి విశ్రాంతిలో ఉండే ఎడారి గులాబికి చలికాలంలో నీరు బాగా తగ్గించాలి.

జీవ నియంత్రణకు 9 కిలోల చివికిన పశువుల ఎరువు, 1 కిలో వేపపిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి, నీడలో గోనెపట్టా కప్పి, తడి ఆరనివ్వక వారం పది రోజులుంచి, మిశ్రమంలో ఆకు ఎరువుకు బదులుగా వాడవచ్చు. ట్రైకోడెర్మా వేసిన కుండీలో కార్బెండజిమ్ వాడరాదు. ఆ మందు మేలుచేసే శిలీంధ్రాన్ని కూడా చంపుతుంది.

డీలర్లకు సూచనలు

తూర్పు గోదావరిలోని కడియం నర్సరీల నుండి, డార్జిలింగ్ కొండల్లోని కాలింపాంగ్ నుండి మొక్కలు తెప్పించేవారు ఒక విషయం గమనించాలి. నర్సరీలలో చాలా మొక్కలను కొబ్బరిపొట్టులో పెంచుతారు. ఆ ముద్దను అలాగే కొత్త మట్టిలో పెడితే పైన ఆరినా లోపల తడి నిలుస్తుంది. దానిని నెమ్మదిగా విడదీసి నాటండి. సరుకు రాగానే పెట్టెలు విప్పి ఆరబెట్టండి, నీరు పోయకండి. రెండు వారాలు పాత సరుకుకు దూరంగా ఉంచండి. అడుగు రంధ్రం లేని గాజు, పింగాణీ పాత్రలలో నాటి అమ్మవద్దు. ప్రతి కుండీతోపాటు నీరు పోసే విధానం రాసిన చీటీ ఇవ్వండి. కొన్న నెలలోనే మొక్క చచ్చిన కొనుగోలుదారు తిరిగి మీ వద్దకు రాడు.

ఋణగ్రహీతలకు

2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి ముద్రా యోజనలో శిశు విభాగం కింద 50,000 రూపాయల వరకు ఋణం లభిస్తుంది. చిన్న మొక్కల వ్యాపారానికి ఇది ఉపకరిస్తుంది. అయితే ఋణం తీసుకునే సమయాన్ని ఋతువుతో ముడిపెట్టండి. వానలకు ముందు సరుకు నింపుకోవడం కంటె, వానలు వెనుదిరిగిన అక్టోబరులో కొని చలికాలంలో అమ్మడం క్షేమకరం. దరఖాస్తులో అమ్మకాలు తగ్గే వానాకాలాన్ని స్పష్టంగా చూపి, వాయిదాలను తదనుగుణంగా కోరండి. బ్యాంకుకు ఇచ్చే సరుకు పట్టికలో చచ్చిన మొక్కలను తీసివేసి, బతికి ఉన్నవాటి విలువ మాత్రమే చూపండి. ఋణంలో కొంత భాగాన్ని మొక్కలకు బదులు పైకప్పు రేకుకు వినియోగించినవారి సరుకు వాన తాకిడి నుండి తప్పించుకుంటుంది. చేతిలో నీటి చెంబు పట్టే ముందు మట్టిలో పుల్ల గుచ్చి చూసే అలవాటు ఉంటే చాలు, ఈ తెగులులో అధిక భాగం దరిచేరదు.