సంస్థ - పరిసరం: కర్నూలు-కడప కాలువ

టేలర్, ఫేయోల్, వెబర్ ప్రధానంగా సంస్థ లోపలి అమరికను పరిశీలించారు. సంస్థను వివృత వ్యవస్థగా చూడాలని కాట్జ్, కాన్ 1966లో వాదించారు. అంటే, సంస్థ పరిసరం నుంచి వనరులు తీసుకొని, ఉత్పత్తిని ఆ పరిసరానికే అందించి మనుగడ సాగిస్తుంది.

కర్నూలు-కడప కాలువనే తీసుకోండి. తుంగభద్రపై సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దీన్ని తవ్వించింది. పెట్టుబడిలో పది లక్షల పౌండ్లపై 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. కాలువలో నీరు పారింది. తీసుకునే రైతులే తక్కువయ్యారు. దీన్ని మొండితనం అనుకోవడం సరికాదు. నల్లరేగడిలో వానను నమ్మి జొన్న, పత్తి వేసే రైతుకు వానలు బాగా పడిన ఏడు ఈ నీటితో పనిలేదు. తరి సాగుకు మళ్ళాలంటే ఎద్దులు, కూలీలు, మదుపు కావాలి; ఆపైన నీటి తీరువా. 1876-78 కరువులో గిరాకీ పెరిగింది, వానలు రాగానే తగ్గింది.

రైతు నీరు కొనకపోవడమే కంపెనీకి అందిన ప్రతిపుష్టి, అంటే పని ఫలితం గురించి బయటి నుంచి తిరిగివచ్చే సమాచారం. కానీ వడ్డీ ఖజానా నుంచి వస్తుంటే ఆ సమాచారానికి పదును ఎక్కడిది? చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనుగోలు చేసింది.