సంకర జీడిమామిడి: వంశం, దృఢత్వం, వృద్ధి

వంశధారా నది కళింగపట్నం వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. అక్కడినుండి ఈశాన్య దిశగా ఇచ్ఛాపురం వరకు సాగే తీరంలో ఇసుక నేలలు విస్తారంగా ఉన్నాయి. ఆ తీరపు ఉత్తర భాగానికి ఉద్దానమని పేరు. ఉద్యానమనే పదమే ప్రజల నోట ఉద్దానమైందని చెబుతారు. కొబ్బరి, పనస, జీడిమామిడి తోటలు ఆ పేరును సార్థకం చేశాయి. 2018 అక్టోబరు 11న వేకువజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఆ తోటలను నేలకూల్చింది. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి. తోటను తిరిగి నాటవలసిన రైతు ముందు ఒక ప్రశ్న నిలిచింది: పిక్క నాటాలా, అంటు నాటాలా? దీనికి సమాధానం ఆ చెట్టు వంశచరిత్రలో ఉంది.

జీడిమామిడి మన దేశపు చెట్టు కాదు. దాని జన్మస్థానం బ్రెజిల్. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు దానిని మన పశ్చిమ తీరానికి తెచ్చారు. కొత్తగా వచ్చిన ఈ చెట్టుకు తెలుగువారు తమకు పరిచితమైన రెండు చెట్ల పేర్లను కలిపి పెట్టారు. జీడి అంటే సంస్కృతంలో భల్లాతకం. చాకలివారు బట్టలపై గుర్తులు వేయడానికి వాడినది ఆ జీడిగింజ రసమే. జీడి, మామిడి, జీడిమామిడి మూడూ ఒకే కుటుంబానికి చెందినవని వృక్షశాస్త్రం చెబుతున్నది.

జీడిమామిడి పూగుత్తిలో మగపూలు, ద్విలింగ పుష్పాలు కలిసి ఉంటాయి. కీటకాలు ఒక చెట్టు పుప్పొడిని మరొక చెట్టుకు చేరవేస్తాయి. అందువలన ఒకే చెట్టు పిక్కలనుండి మొలిచిన మొక్కలు ఒకదానినొకటి పోలవు. శాస్త్రజ్ఞులు ఈ కలయికను తామే జరిపిస్తారు. ద్విలింగ పుష్పంలోని పుప్పొడి రాలకముందే కేసరాన్ని తొలగించి, ఎంచుకున్న చెట్టు పుప్పొడిని కీలాగ్రంపై అద్దుతారు. అలా పుట్టిన మొక్కలలో మేలైనదానిని ఏళ్ల తరబడి పరిశీలించి ఎన్నుకుంటారు.

బాపట్ల పరిశోధన స్థానంలో రూపొంది, 1993లో విడుదలైన బి.పి.పి.-8 ఇటువంటి సంకర రకమే. ఆ కేంద్రంలోని 1వ సంఖ్య చెట్టు, 39వ సంఖ్య చెట్టు దీని జన్మకారకాలు. దీని పిక్క సుమారు 8 గ్రాములు తూగుతుంది. అందులో పప్పు దాదాపు 29 శాతం.

అయితే ఈ చెట్టు పిక్కను నాటితే మళ్లీ ఇదే చెట్టు రాదు. సంకరంలో కలిసిన గుణాలు తరువాతి తరంలో విడిపోతాయి. వాటిని నిలిపే మార్గం అంటుకట్టడమే. పిక్కనుండి మొలిచిన లేత మొక్క తలను కోసి, కాండాన్ని చీల్చి, మేలైన చెట్టునుండి తెచ్చిన కొమ్మను అందులో అమర్చి కట్టుకడతారు. వేరు ఒకదానిది, కాపు మరొకదానిది అవుతుంది. అంటుమొక్క మూడవ ఏటనుండి కాపునిస్తుంది. హెక్టారుకు 8 మీటర్ల ఎడంతో 156 మొక్కలు పడతాయి.

ఈ చెట్టు దృఢత్వానికీ హద్దులున్నాయి. నిస్సారమైన ఇసుక నేలనూ, వేసవి ఎండనూ తట్టుకుంటుంది కాని, నీరు నిలిచే నేలలో బ్రతకదు. పూతకాలంలో తేయాకు దోమ, తరువాత కాండం తొలిచే పురుగు దానిని పీడిస్తాయి. గుబురుగా విస్తరించే కొమ్మలు పెనుగాలికి విరుగుతాయి. సంకరం కాపును పెంచగలదే గాని, తుపానును ఆపలేదు. అందుకే గాలివాటున సరుగుడు వరుసలు పెంచడం అవసరం. ఒకే చెట్టునుండి కట్టిన అంట్లన్నిటికీ ఒకే స్వభావం ఉంటుంది కనుక ఒకదానిని పట్టిన తెగులు అన్నిటినీ పట్టవచ్చు. రెండు మూడు రకాలను కలిపి నాటడం వివేకం.

కాబట్టి పాత తోటలోని మంచి చెట్టు పిక్కను దాచి నాటే రైతు ఆ చెట్టును తిరిగి పొందలేడు. ఆ సంగతి తెలియడానికి అతనికి నాలుగైదేళ్లు పడుతుంది. తోట కోల్పోయిన కుటుంబానికి ఆ నాలుగైదేళ్లు చిన్న కాలం కాదు. వంశం తెలిసిన అంటును నాటడం అందుకే మేలు.