రాతికి ఎన్ని పేర్లో! హవాయి దీవుల శిలాపదాలు

సరిహద్దు పల్లెలో పెరిగిన పిల్లలకు రాయి అన్న మాట ఒక్కటే కాదు. మన ఇంట రాయి, కన్నడం వారింట కల్లు, మరాఠీ వారింట దగడ. తెలుగులోనే బండ, గుండు, గులకరాయి, కంకర, పలుగురాయి, నాపరాయి అని ఎన్నో పేర్లున్నవి. ఒక్కొక్క పేరు వెనుక ఒక్కొక్క ఉపయోగం ఉన్నది. పసిఫిక్ మహాసముద్రం నడుమ అగ్నిపర్వతాల వలన ఏర్పడిన హవాయి దీవులలో జనులు రాళ్లకు పెట్టుకొన్న పేర్లు కూడ ఇటువంటివే. అవి తెలిసికొనదగినవి.

హవాయి భాషలో రాయికి సాధారణ నామం 'పోహకు'. ఈ భాషకు ఐదు అచ్చులు, ఎనిమిది హల్లులు మాత్రమే. తెలుగు వలెనే ఇందులోను అచ్చు హ్రస్వమైతే ఒక అర్థం, దీర్ఘమైతే వేరొక అర్థం వస్తుంది. ప్రతి పదమూ అచ్చుతోనే ముగుస్తుంది. ఎనిమిదవ హల్లు గొంతును క్షణకాలం బిగబట్టి విడిచినపుడు కలిగే నొక్కు. దానిని ఇక్కడ చిన్న గీతతో సూచిస్తున్నాను.

హవాయి పదాలలో లోకమంతట వ్యాపించినవి రెండు: 'పాహొయెహొయె', 'అ-ఆ'. లావా నునుపుగా, త్రాళ్లు చుట్టినట్లు మడతలు పడి చల్లారితే అది పాహొయెహొయె. గరుకుగా, ముక్కలు ముక్కలుగా, అంచులు కత్తుల వలె గట్టిపడితే అది అ-ఆ. ఒకే పర్వతం నుండి, ఒకే పదార్థంతో ఈ రెండూ రావచ్చును. వేడి తగ్గి, వాయువులు వెడలి, లావా చిక్కబడిన కొలది నునుపుగా పారే ప్రవాహం గరుకు ప్రవాహంగా మారగలదు. గరుకుగా మారినది మరల నునుపు కానేరదు. ఈ భేదం పండితుల కన్న ముందు పాదాలకు తెలిసినది. ఒకదానిమీద మనిషి నడచి పోగలడు, రెండవదానిమీద అరికాలు చీలుతుంది. 1880ల దశకంలో క్లారెన్స్ డటన్ అనే అమెరికా భూవిజ్ఞాని ఈ మాటలను తన శాస్త్రంలోనికి తీసికొన్నాడు. నేటికీ శాస్త్రజ్ఞులు వీటినే వాడుతున్నారు.

ఈ మాటలు మన నేలకు కూడ చేరినవి. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రిందట పారిన లావా గట్టిపడి మహారాష్ట్రలోని నల్లరాతి పీఠభూమి ఏర్పడినది. ఆ సరిహద్దున మన రైతులు ప్రత్తి పండించే నల్లరేగడి ఆ రాయి శిథిలమై ఏర్పడినదే. రాజమహేంద్రవరం చెంత కాటేరు ప్రాంతంలోను ఆనాటి లావా శిలలున్నవి. దక్కను శిలలను వర్ణించే భూవిజ్ఞానులు హవాయి పల్లెజనుల మాటలతోనే వాటిని పేర్కొంటారు.

ఇక ఇంటి రాళ్లు. 'ఇలి-ఇలి' అంటే గులకరాళ్లు. హులా నృత్యంలో చేతికి రెండేసి పట్టుకొని తాళం వేస్తారు. కఊ సీమలోని కోలోవ తీరపు గులకరాళ్లు పిల్లలను కంటాయని పూర్వులు నమ్మేవారు. నున్ననిది మగరాయి, రంధ్రాలున్నది ఆడరాయి అని చెప్పేవారు. '-అలా' అంటే నీటి ఒరిపిడికి నునుపెక్కిన గట్టిరాయి. చేమదుంపను ఉడికించి 'పొయి' అనే ముద్దగా దంచడానికి వాడే రాతి దంచుడుకర్ర పేరు 'పోహకు కు-ఇ అయి'. కు-ఇ అంటే దంచు, అయి అంటే ఆహారం. 'ఇము' అనే నేలపొయ్యిలో మాత్రం రంధ్రాలున్న రాళ్లనే కాలుస్తారు. గట్టిరాయి వేడికి పగిలి చిమ్ముతుంది మరి. లోహం లేని ఆ దీవులలో వడ్రంగికి 'కొ-ఇ', అనగా రాతి బాడిసెయే ఆధారం. 4,207 మీటర్ల మౌనకెయ పర్వతంపై, మంచు తాకిడికి త్వరగా చల్లారి గట్టిపడిన రాతిని తవ్వి బాడిసెలు చేసేవారు. ఆ చోటి పేరు కెయనకాకొ-ఇ, అంటే 'బాడిసెలు చేసే గుహ'.

రాతిమాట ఆ ప్రజల చరిత్రలోను నిలిచినది. 1893లో రాణి లిలి-ఉఒకలానిని పదవి నుండి తొలగించారు. క్రొత్త ప్రభుత్వానికి విధేయతా ప్రమాణం చేయకపోతే రాళ్లు తినవలసి వస్తుందని రాజవాద్య బృందం వారిని బెదిరించారు. వారు ప్రమాణం చేయలేదు. వారి కొరకు ఎలెన్ ప్రెండర్గాస్ట్ అనే స్త్రీ రచించిన గీతానికి 'రాళ్లు తినే పాట' అని పేరు వచ్చినది. పరుల ధనం కన్న ఈ నేల రాళ్లే మాకు చాలునన్నది దాని సారాంశం. 1896 చట్టంతో బడులలో ఆంగ్లమే బోధనాభాష అయినది. హవాయి భాష మాటాడిన పిల్లలు శిక్షలు పొందారు. రెండు మూడు తరాలలో భాష చాలావరకు వృద్ధుల నోటనే మిగిలినది. 1978లో దానికి అధికారభాష హోదా లభించినది. 1984లో కొందరు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కలిసి 'పూనన లెయొ' అనే శిశుపాఠశాలను ప్రారంభించారు. ఆ పేరుకు 'గొంతుల గూడు' అని అర్థం. 1987 నుండి ప్రభుత్వ పాఠశాలలలోను ఆ భాషలో బోధన మొదలైనది.

ఇంట ఒక భాష, బడిలో ఒక భాష గల మనకు ఈ కథ పరాయిది కాదు. లోకంలోని శాస్త్రజ్ఞులు అ-ఆ అంటున్న కాలంలోనే ఆ మాటను పుట్టించిన వారి పిల్లలు బడిలో దానిని పలుకలేకపోయారు. గ్రంథాలలో నిలిచినంత మాత్రాన మాట బ్రదుకదు, పిల్లల నోట ఆడాలి. రోలు, పొత్రం, సన్నికల్లు అనే పేర్లు మన పిల్లలలో ఎందరికి తెలుసును? ఈ సెలవు దినాన పెద్దలు వారిని పొలం గట్టుకు తీసికొనిపోయి, కనిపించిన ప్రతి రాతికి ఇంటి భాషలోను, ఊరి భాషలోను పేరు చెప్పించాలని నా మనవి.