రెండు గడువులు - ఒక టెలిఫోను

ఇంటికి వచ్చు బియ్యమును, పప్పును, పాలను ఇల్లాలు ఎంత శ్రద్ధతో చూచుకొనునో, నెలనెల వచ్చు బిల్లులను గూడ నంత శ్రద్ధతోనే చూచుకొనవలెను. బ్రిటనులో కాపురమున్న మన తెలుగు సోదరీమణులకు ఈ బిల్లులలో చిక్కైనవి రెండు. ఒకటి ఇంటి టెలిఫోను, అనగా ల్యాండ్‌లైనుది. రెండవది ఇంటర్నెట్టు తెచ్చు బ్రాడ్‌బ్యాండుది. అచట బిడ్డలను కాపురమునకు పంపిన తల్లులు గూడ ఈ సంగతి నెఱిగియుండుట మంచిది.

నే నెఱిగిన యొక యింట జరిగినది చెప్పెదను. కోడలు ఉద్యోగస్థురాలు. అత్తగారు వృద్ధురాలు, ఆమెకు సెల్‌ఫోను చేతికి అలవడలేదు. ఇరువది యేండ్లుగా ఆ యింటి టెలిఫోను నంబరు తెనాలిలోని చెల్లెండ్రకు కంఠస్థము. చౌకగా వచ్చు క్రొత్త కంపెనీని చూచి కోడలు బ్రాడ్‌బ్యాండు మార్చదలచి, ముందుగా పాత కంపెనీకి ఫోను చేసి, "మాకు మీ సేవ యక్కఱలేదు, అన్నియు తీసివేయుడు" అని చెప్పెను. టెలిఫోను ఆగిపోయెను, నంబరును పోయెను. టెలిఫోను ఒడంబడికకు ఇంకను తొమ్మిది నెలలు మిగిలియుండుటచే, దానికి రుసుము గూడ వచ్చెను. సొమ్ము సంగతి కొన్నాళ్ళకు మఱచిరి. కాని సాయంత్రములందు మ్రోగని టెలిఫోను ప్రక్కన కూర్చుండు అత్తగారిని చూచినపుడెల్ల ఆ కోడలి మనస్సు చివుక్కుమనుచునే యుండెను.

ఆమె చేసిన తప్పు మార్చదలచుట కాదు. గడువులు చూడక, క్రమము తప్పి మార్చుట.

గడువులు వేఱగుట యెట్లు?

టెలిఫోను నొక కంపెనీయొద్దను, బ్రాడ్‌బ్యాండును మఱొక కంపెనీయొద్దను వేర్వేఱు దినములందు తీసికొనుట ఒక కారణము. రెండును ఒకే కంపెనీవే యైనను, నడుమ బ్రాడ్‌బ్యాండు వేగమును హెచ్చించుకొన్నపుడు దానికి మాత్రము క్రొత్త గడువు మొదలుకావచ్చును. అపుడు సంసారమునకు రెండు పడవలమీద కాళ్ళు పెట్టినట్లగును.

ఈ కంపెనీలను కనిపెట్టియుండు అధికారసంస్థ పేరు ఆఫ్‌కాం. దాని నిబంధనల ప్రకారము గృహస్థులతో చేయు తొలి ఒడంబడిక 24 నెలలకు మించరాదు. ఒక సేవను క్రొత్తగా చేర్చుకొన్నంత మాత్రమున, మనము స్పష్టముగా సమ్మతింపనిదే, మొదటి సేవ గడువును పొడిగింపరాదు. కావున ఫోనులో "సరే" యనుటకు ముందు, "దీనివలన దేని గడువు పెరుగును?" అని యడుగుడు. 2020 ఫిబ్రవరినుండి, గడువు తీఱుటకు 10 మొదలు 40 దినములు ముందుగా కంపెనీ మనకు తెలియజేయవలెను. ఆ వర్తమానమును చూచియు చూడనట్లు త్రోసివేయరాదు. గడువు తీఱినను సేవ ఆగదు. కాని వెల తఱచుగా పెరుగును.

కాగితముపై లెక్క

మొదట ఒక కాగితమున రెండు గడువుల తేదీలను, నెలవారీ వెలలను వ్రాసికొనుడు. ఒక దృష్టాంతము చూతము. బ్రాడ్‌బ్యాండు నెలకు 32 పౌండ్లు, 2 నెలలు మిగిలినవి. టెలిఫోను నెలకు 14 పౌండ్లు, 10 నెలలు మిగిలినవి. క్రొత్త కంపెనీ రెండును కలిపి నెలకు 30 పౌండ్లకు, బ్రాడ్‌బ్యాండు మాత్రము 26 పౌండ్లకు ఇచ్చుననుకొందము. గడువునకు ముందే విడిచినచో, మిగిలిన నెలల వెలనుండి కంపెనీకి మిగులు ఖర్చు తగ్గించి రుసుము వేయుట వాడుక. లెక్క సులభమగుటకై మిగిలిన నెలల వెల యంతయు రుసుమనియే తలంతము. వచ్చు పండ్రెండు నెలలకు లెక్కింపగా:

నేడే రెండును మార్చినచో, రుసుము 204, క్రొత్త వెల 360. మొత్తము 564 పౌండ్లు.

రెండు నెలలు ఆగి రెండును మార్చినచో, పాత వెల 92, టెలిఫోను రుసుము 112, క్రొత్త వెల 300, మొత్తము 504.

పది నెలలు ఆగి రెండును మార్చినచో, పాత వెల 460, క్రొత్త వెల 60, మొత్తము 520. కాని గడువు తీఱిన బ్రాడ్‌బ్యాండు వెల నెలకు 8 పౌండ్లు పెరిగెనా, ఇది 584 అగును.

రెండు నెలల పిదప బ్రాడ్‌బ్యాండును, పది నెలల పిదప టెలిఫోనును మార్చినచో, మొదట 92, నడుమ 320, కడపట 60. మొత్తము 472 మాత్రమే.

తొందరపడినవారికిని, ఊరక కూర్చున్నవారికిని నష్టమే. ఏ గడువు తీఱినపుడు ఆ సేవను మార్చిన యిల్లాలికి ఎక్కువ మిగిలినది. మీ యింటి అంకెలు వేఱైనచో ఫలితమును వేఱు కావచ్చును. లెక్కించు పద్ధతి మాత్ర మిదియే.

తీగను, నంబరును మఱవకుడు

ఈ కడపటి మార్గమునకు ఒక చిక్కు కలదు. కొన్ని యిండ్లలో టెలిఫోనును, బ్రాడ్‌బ్యాండును ఒకే రాగితీగపై నడచును. క్రొత్త కంపెనీ ఆ తీగనే తీసికొన్నచో టెలిఫోను ఆగిపోవచ్చును. వేఱుగా ఫైబరు తీగ వేయుదురేని ఆ భయము తక్కువ. కావున "మీరు ఏ తీగపై తెచ్చెదరు? మా టెలిఫోను నడచునా? తరువాత మా నంబరును చేర్చుకొందురా?" అను మూడు ప్రశ్నలు ముందే వేయుడు.

2024 సెప్టెంబరు 12వ తేదీనుండి అచట "వన్ టచ్ స్విచ్" అను పద్ధతి వచ్చినది. మనము క్రొత్త కంపెనీతో మాత్రము చెప్పిన చాలును. పాతదానితో అదియే వ్యవహరించును. మనము చెల్లింపవలసిన రుసుమెంతయో, మనయొద్ద మిగిలియుండు సేవలకు ఏమి కలుగునో పాత కంపెనీ వ్రాసి పంపవలెను. అది చదివిన పిదపనే సమ్మతి నీయుడు. మార్పు జరిగిన దినము తరువాతి నోటీసు కాలమునకు సొమ్ము అడుగరాదు. మార్పులో పొరపాటు జరిగి ఒక పనిదినమునకు మించి సేవ లేకున్నచో పరిహారము రావలెను.

నంబరు కావలసినవారు పాత కంపెనీకి తామై "తీసివేయుడు" అని యెన్నడును చెప్పరాదు. నంబరు క్రొత్తచోటికి చేఱిన పిదపనే పాతది ముగియవలెను.

క్రొత్త ఒడంబడికలో చూడవలసినవి

2025 జనవరి 17 తరువాత చేయు ఒడంబడికలలో, నడుమ వెల పెంచదలచినచో ఎన్ని పౌండ్లు, ఎన్ని పెన్నీలు, ఏ నెలలో అని ముందే చెప్పవలెను. ఆ మొత్తమును గూడ మీ లెక్కలో చేర్చుడు. ఫోనులోగాని ఇంటర్నెట్టులోగాని ఒప్పుకొన్న ఒడంబడికను 14 దినములలోపల మానుకొను హక్కు కలదు. ఈలోపల వాడుకొన్నదానికి మాత్రము చెల్లింపవలసి రావచ్చును.

వృద్ధులున్న యిండ్లవారు మఱియొకటి తెలిసికొనవలెను. అచటి పాత టెలిఫోను వ్యవస్థను 2027 జనవరినాటికి ముగింప నిశ్చయించిరి. క్రొత్త పద్ధతిలో టెలిఫోను బ్రాడ్‌బ్యాండు రౌటరుద్వారా నడచును. కరెంటు పోయిన రౌటరు ఆగును, దానితో టెలిఫోనును ఆగును. ఇంటి టెలిఫోనే ఆధారమైనవారికి, కరెంటు పోయినను కనీస మొక గంటసేపు ఆపత్కాలపు 999 పిలుపునకు వీలగు సాధనమును కంపెనీ ఉచితముగా నీయవలెను. మార్చునపుడే దాని నడిగి తీసికొనుడు.

ఇల్లలుకగానే పండుగ కాదు. క్రొత్త ఒడంబడిక చేసికొన్న దినముననే, రెండు గడువుల తేదీలను వంటయింటి క్యాలెండరుపై గుర్తువేసి యుంచుడు. ఆ రెండు గుర్తులే సొమ్మును కాపాడును. దేశాంతరమునుండి వచ్చు చెల్లెలి పిలుపునకై కాచుకొనియుండు అత్తగారి సాయంకాలమును గూడ కాపాడును.