ఉత్తరాల సంచీతో ఒంటరి విమానం

మీ అట్లాసులో దక్షిణ భారతదేశపు పటం తెరవండి. బళ్లారికీ చెన్నైకీ మధ్య స్కేలు పెట్టి ఒక గీత గీయండి. ఆ గీత తాడిమర్రి పరిసరాల మీదుగా పోతుంది, చూశారా? ఒకప్పుడు విమాన టపాకు ఇదే సూటి దారి.

1932 అక్టోబరు 15న టాటావారి విమాన టపా మొదలయింది. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారు ఇంగ్లండు నుంచి కరాచీకి చేర్చిన ఉత్తరాలను జె.ఆర్.డి. టాటా స్వయంగా విమానం నడిపి బొంబాయికి తెచ్చాడు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ అనే వైమానికుడు వాటిని బళ్లారి మీదుగా మద్రాసుకు తీసుకుపోయాడు. ఆ విమానం పేరు పస్ మాత్. దానికి ఒకే ఇంజను. రేడియో లేదు. దారిలో దీపాలు లేవు. నదులు, కొండలు, రైలు పట్టాలే గుర్తులు. మబ్బు కమ్మితే అవీ కనబడవు!

అప్పుడు వైమానికుడికి మిగిలేవి మూడే: దిక్సూచి, గడియారం, లెక్క. ఆ లెక్క మీరూ చేయండి. బళ్లారి నుంచి మద్రాసుకు సూటిగా సుమారు 430 కిలోమీటర్లు. గంటకు 170 కి.మీ. వేగంతో పోతే రెండున్నర గంటలు పడుతుంది. ఆ సేపంతా పక్క నుంచి గంటకు 15 కి.మీ. వేగంతో గాలి వీచిందనుకోండి. గాలి విమానాన్ని తనతోపాటు పక్కకు మోసుకుపోతుంది. చివరికి విమానం దాదాపు 38 కి.మీ. దారి తప్పుతుంది! అందుకే వైమానికుడు విమానపు ముక్కును గాలి వచ్చే వైపుకు సుమారు 5 డిగ్రీలు తిప్పి ఉంచాలి. మరి గాలి కంటికి కనబడదు కదా? కింద లేచే పొగ వాలును, చెరువు నీటి మీది అలలను చూసి అంచనా కట్టాలి. అంచనా తప్పితే పెట్రోలు అయిపోయేలోగా దిగే చోటు దొరకాలి.

పెట్రోలు అయిపోతే ఏమవుతుందో 1935 డిసెంబరు 31న తెలిసింది. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారి ‘సిటీ ఆఫ్ ఖార్టూమ్’ అనే నీటి విమానం ఇంజన్లు అలెగ్జాండ్రియా రేవు చేరువలో ఆగిపోయాయి. విమానం సముద్రంలో పడింది. పన్నెండుమంది మరణించారు. వైమానికుడొక్కడే బతికాడు. నీటి నుంచి తీసిన ఉత్తరాలను ఆరబెట్టి చిరునామాదారులకు పంపారు. వాటిలో చాలా కవర్ల మీద స్టాంపులు లేవు. ఎందుకో చెప్పగలరా? స్టాంపు వెనుక జిగురు నీటిలో కరుగుతుంది. సిరా మరకలతో ఉన్న అలాంటి కవర్లను స్టాంపులు సేకరించేవారు నేటికీ భద్రపరుస్తున్నారు.

అమెరికాలో మరో రకం గుర్తులున్నాయి. 1920లలో టపా విమానాలకు దారి చూపడానికి నేల మీద పోసిన పెద్ద పెద్ద కాంక్రీటు బాణాలు కొన్ని ఎడారి ప్రాంతాల్లో ఇంకా మిగిలి ఉన్నాయి.

మన ప్రాంతంలో అలాంటి బాణాలు లేవు. కాని పాత ట్రంకుపెట్టెల్లో పాత కవర్లు ఉండవచ్చు. మీ తాతగారినో అమ్మమ్మగారినో అడిగి చూడండి. దొరికితే స్టాంపు మాత్రం ఊడదీయకండి! ఆ ఉత్తరం ఏ ఊళ్లో, ఏ రోజున బయలుదేరిందో చెప్పేది స్టాంపు మీద సగం, కవరు మీద సగం పడిన తపాలా ముద్రే.