యూరియా బస్తా లెక్క – మన నూలుతో దాని సంబంధము

నూలు ధర పెరిగినప్పుడు మనము మిల్లును, వ్యాపారిని తలచుకొందుము గాని ప్రత్తి చేనిని తలచుకొనుట తక్కువ. నాందేడు జిల్లా రేగడి భూములలో ప్రత్తి ఎక్కువగా వాన మీదనే ఆధారపడి యున్నది. వానలు గతి తప్పినచో రైతు నష్టపోవును. ఆ భారము నూలు ధర మీద కూడ పడవచ్చును.

భూమి వేడెక్కుటకు కారణమగు వాయువులలో కొంత భాగము సేద్యమునుండియే వెలువడుచున్నది. దానిని తగ్గించినచో రైతుకు వచ్చునదెంత, పోవునదెంత?

45 కిలోల యూరియా బస్తాలో నత్రజని సుమారు 20 కిలోలు. శాస్త్రజ్ఞుల సామాన్యపు లెక్క ప్రకారము అందులో నూటికొక వంతు నైట్రస్ ఆక్సైడు వాయువుగా మారి నేలనుండి లేచిపోవును. అది అంతే బరువుగల బొగ్గుపులుసు వాయువు కన్న సుమారు 270 రెట్లు వేడి కలిగించును. కనుక ఒక్క బస్తా దాదాపు 90 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానము.

తగ్గించిన వాయువునకు వెలకట్టి అమ్ము పద్ధతి నేడు వచ్చినది. టన్నుకు 1,000 రూపాయలు పలికినదనుకొందము. బస్తా మానిన రైతుకు వచ్చునది 90 రూపాయలు. అందులో తనిఖీ ఖర్చు, మధ్యవర్తి వంతు పోవును. బస్తా కొనకపోవుట వలన మిగులునది 266 రూపాయల 50 పైసలు. అనగా వాయువు వెల కన్న ఖర్చు తగ్గుటయే పెద్ద లాభము.

అయితే దిగుబడి తగ్గరాదు. 2025–26లో మధ్యరకపు ప్రత్తి మద్దతు ధర క్వింటాలుకు 7,710 రూపాయలు. అర క్వింటాలు తగ్గినను 3,855 రూపాయలు పోవును. పది బస్తాలు మానినను, రెండు లాభములు కలిపి 3,565 రూపాయలే. శ్రీలంక 2021లో రసాయనపు ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించి, దిగుబడులు పడిపోగా ఆ యేడే వెనుకకు తగ్గినది.

కనుక భూసార పరీక్ష చేయించి, అవసరమునకు మించిన ఎరువు మాత్రము మానవలెను. మిగిలినది నేలలో తేమ చూచి విడతలుగా వేయవలెను. ప్రత్తికట్టెను కాల్చక పొడిచేసి, పశువుల ఎరువుతో మాగబెట్టి నేలకిచ్చుట మేలు.

మేలు లోకమందరిది, నష్టభయము రైతు ఒక్కనిది. అందుచేత రైతుకు తోడ్పాటు అవసరము. మహారాష్ట్ర ప్రభుత్వము 2018లో ప్రపంచ బ్యాంకు అప్పుతో 15 జిల్లాలలో కృషి సంజీవని పథకమును ప్రారంభించినది. వాతావరణపు ఒడిదుడుకులకు తట్టుకొను సేద్యమునకు సాయపడుటకై పెట్టిన ఆ పథకములో నాందేడు కూడ చేరియున్నది.

ఇక మన వంతు. పర్యావరణమునకు మేలైన నూలని చెప్పి ఎవరైన ఎక్కువ ధర అడిగినచో, ఆ ఎక్కువలో రైతుకు చేరునదెంతయో సభ్యులు తప్పక అడుగవలెను. రైతుకు చేరని సొమ్ము చేనిలో ఎరువును తగ్గించదు. మన మగ్గము మీద ఖర్చును మాత్రము పెంచును.