పదేళ్ల పింకికి కొత్త గుమ్మం

ఇల్లు ఖాళీ చేసేవాళ్లు పాత చీపురో, పగిలిన కుండీయో వదిలేసి వెళ్లడం మామూలే. మా గంభీరావుపేటలో వెనక వీధిలో అద్దెకున్నవాళ్లు మాత్రం సామానంతా డీసీఎంలోకి ఎక్కించుకుని, కుక్కను వదిలేసి పోయారు. తాళం వేసిన తలుపు ముందు కూర్చుని వచ్చేపోయే బండ్లన్నీ చూసేది. సగం పామేరియన్, సగం ఊరకుక్క. ఒకప్పటి తెల్లని బొచ్చు జడలు కట్టింది. ఐదో రోజు కూడా అక్కడే కనిపిస్తే నేనే వెళ్లి తీసుకొచ్చాను. పేరు పింకి అని వీధి పిల్లలు చెప్పారు.

‘‘ఎన్ని దినాలుంచుకుంటవ్?’’ మావారి మొదటి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. అత్తమ్మకు ఉబ్బసం. ఇంట్లో కుక్క బొచ్చు పడదు. ‘‘మంచి ఇల్లు దొరికేదాకా, వరండాలోనే’’ అన్నాను. దానికి ఐదు నెలలు పడుతుందని అప్పుడు తెలియదు.

పక్కింట్లో బీడీలు చుట్టే అవ్వ ఒళ్లో చేట దించకుండానే నవ్వింది. ‘‘ముసలి కుక్కనెవలు సాదుకుంటరు బిడ్డా? ముసలోళ్లనే ఎవలూ సాదుతలేరు.’’

అవ్వ మాటను కొట్టిపారేయలేం. 2025 ఆగస్టులో హైదరాబాద్ జలగం వెంగళరావు పార్కులో జీహెచ్ఎంసీ వాళ్లు దత్తత మేళా పెట్టారు. అదీ కుక్కపిల్లలకే. మూతి నెరిసినదాన్ని ముద్దు చేసేదెవరు? 1992లో అక్కినేని అమల మొదలుపెట్టిన బ్లూక్రాస్ లాంటి సంస్థలు పట్నంలో ఉన్నాయి. మనలాంటి మండల కేంద్రాల్లో వరండాయే ఆశ్రమం, ఇల్లాలే నర్సు!

ముందు దవాఖానకే

పశువుల దవాఖానలో బర్లు, మేకల వరుసలో నిలబడ్డాం. పళ్లు చూసి తొమ్మిది పదేళ్లుంటాయన్నారు డాక్టరుగారు. కుక్కకు ఏడో నెలకల్లా పాలపళ్లు పోయి అసలు పళ్లొస్తాయి. ఆ తర్వాత అరుగుదల, గార చూసి అంచనా వేయడమే. కళ్లలో నీలిపొర కనిపించింది. అంతమాత్రాన చూపు పోయినట్టు కాదట, వయసుతో అలా రావచ్చట. శుక్లమో కాదో డాక్టరు చూసి చెప్పాల్సిందే. చెవులు మాత్రం బాగా మందగించాయి. నట్టల మందు, గోమార్లకు మందు, రేబిస్ టీకా అన్నీ ఆ రోజే అయిపోయాయి. ఇంట్లో పిల్లలుంటే ఈ టీకా దగ్గర మొహమాటం వద్దు. అది పడ్డాకే దగ్గరికి రానివ్వండి.

రెండు వారాలు గడిచాయి. పింకి తిండి మానేసింది. బొక్కెన్లకొద్దీ నీళ్లు తాగేది. పడుకున్న గోనెసంచి మీద చీము మరకలు. గర్భసంచిలో చీము పట్టిందన్నారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు పెద్ద వయసులో, ఎదకొచ్చి వెళ్లిన కొన్ని వారాలకు ఇలా అవుతుందట. ‘‘ఈ వయసులో మత్తుమందు తట్టుకుంటదా సార్?’’ అనడిగాను. ‘‘భయమే. కానీ ఆపరేషన్ చెయ్యకుంటే బతకది’’ అన్నారు. కరీంనగర్ తీసుకెళ్లి చేయించాం. నా చిట్టీ డబ్బులు చాలావరకు అటే పోయాయి. ఎంతో మావారికి చెప్పలేదు. ఈ పేజీ ఆయన చదవరనే ధైర్యం.

కుట్లు మానేదాకా మెత్తటి అన్నంలో ఉడికించిన గుడ్డు, కాస్త చికెన్ కలిపి పెట్టేదాన్ని. మిగిలిన కూర కలిపేస్తే పోలా అనుకుంటాం గానీ, మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి లేనిదేది? అవి కుక్కల రక్తానికి చేటు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా వద్దు. కుంటుతోందని మనం వేసుకునే నొప్పుల మాత్ర అసలే వేయకూడదు. నున్నటి టైల్స్ మీద కాళ్లు జారుతుంటే గోనెసంచులు పరిచాను. అంతకంటే పెద్ద వైద్యమేమీ చేయలేదు.

వయసు దాచాను

కోలుకున్నాక ఇల్లు వెతకడం మొదలెట్టాను. సిరిసిల్లలో ఓ కుటుంబం ముందుకొచ్చింది. పిల్లలు ముచ్చటపడ్డారు. ‘‘ఎన్నేళ్లుంటయక్కా?’’ అని ఆవిడ అడిగితే ‘‘ఆరేడు’’ అనేశాను. చెవుల సంగతి చెప్పలేదు. పెళ్లిచూపుల్లో అమ్మాయి వయసు తగ్గించినట్టే! నాలుగో రోజు ఆటోలో తిరిగొచ్చింది పింకి. నిద్రపోతుంటే బాబు వెనకనుంచి పట్టుకున్నాడట, ఉలిక్కిపడి గుర్రుమందట. కరవలేదు. కరిచి ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చెవుడున్న కుక్కను కనబడేలా ఎదురుగా వెళ్లి లేపాలని నేను ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

అప్పట్నుంచీ లోపాలే ముందు చెప్పాను. పదేళ్లు. చెవుడు. కాళ్లనొప్పులు. రాత్రి పది గంటలకు బయటికి తీసుకెళ్లకపోతే ఇంట్లోనే కానిస్తుంది. బతికితే ఇంకో రెండు మూడేళ్లు. విన్నవాళ్లలో చాలామంది మళ్లీ ఫోన్ చేయలేదు. నాకు కోపం రాలేదు.

ఇంకో మాట కూడా చెప్పేదాన్ని. నచ్చకపోతే ఎక్కడా వదలొద్దు, అర్ధరాత్రయినా మా ఇంటికే తెండి అని. పెంచుకున్న జీవాన్ని ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరమే. దిల్లీ వీధికుక్కల కేసులో 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా, దత్తత తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవారిదే అంది. ఇచ్చేవాళ్లకూ అందులో వాటా ఉందని నేననుకుంటాను.

ఐదో నెలలో కామారెడ్డి నుంచి రిటైరైన టీచర్ దంపతులు వచ్చారు. పిల్లలు అమెరికాలో. నా చిట్టా మొత్తం విని టీచరమ్మ, ‘‘చెవుడు, కాళ్లనొప్పులు మాకూ ఉన్నయమ్మా. పిల్లను తెచ్చుకుంటే దాని వెంట మేం ఉరకగలమా?’’ అన్నారు. వెంటనే ఇవ్వలేదు. రెండు ఆదివారాలు వచ్చి కూర్చుని వెళ్లమన్నాను. మూడో ఆదివారం కారెక్కించాను. గోనెసంచీ, నా పాత చీరముక్కా వాసన కోసం వెంట పంపాను. అవ్వ చేట పక్కనపెట్టి గేటు దాకా వచ్చింది. ఏమీ అనలేదు.

మొదటి మూడు రోజులూ మంచం కిందే ఉందట. గుండె పీకింది, వెళ్లి తెచ్చేసుకుందామనిపించింది. వెళ్తే మళ్లీ మొదటికొస్తుందని ఆగాను. మొన్న నేనే ఫోన్ చేశాను. ‘‘వంటింటి గడప మీదనే పడుకుంటదమ్మా, ఎంత చెప్పినా జరగదు. దాటుకుంట తిరుగుతున్నం’’ అన్నారు టీచరమ్మ.